సమాంతర ప్రోగ్రామింగ్ కంపైలర్ పరీక్షలు

ఒకే ప్రోగ్రాము పనిని అనేక ప్రాసెసర్ కోర్లకు పంచి ఏకకాలంలో నడిపించే సదుపాయాన్ని ఒక భాషకు చేర్చినప్పుడు, కంపైలర్ దాన్ని సరిగ్గా అనువదిస్తోందో లేదో తేల్చడానికి రాసే చిన్న ప్రోగ్రాములే ఈ టెస్ట్‌కేసులు. పేరున్న ప్రతి కంపైలర్ సోర్సుతో పాటే ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. కంపైలర్‌లో ఒక్క వరుస మార్చినా వాటిని మళ్లీ నడుపుతారు. ఏదైనా టెస్టు ఫెయిలైతే తప్పు మూడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు: కంపైలర్‌లో, టెస్టులో, లేదా ఆ రెండింటికీ ఆధారమైన భాషా ప్రమాణంలో. మామూలు టెస్టుల విషయంలో ఇది తొందరగానే తేలిపోతుంది. సమాంతర సదుపాయాల దగ్గర మాత్రం తప్పెక్కడుందో తేల్చడమే అసలు పని. ఆ తర్వాత చేసే దిద్దుబాటు చాలాసార్లు రెండు మూడు వరుసలకు మించదు. పైగా ఇక్కడ టెస్టు పాసైందన్న మాటను కూడా ఊరికే నమ్మడానికి వీల్లేదు.

ఓపెన్‌ఎంపీ, దాని కంపైలర్లు

సమాంతర సదుపాయాలు చాలానే ఉన్నా ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఓపెన్‌ఎంపీని మించిన ఉదాహరణ లేదు. ఫోర్ట్రాన్ కోసం 1997లో, సీ, సీ ప్లస్ ప్లస్ భాషల కోసం 1998లో దీని తొలి ప్రమాణాలు వెలువడ్డాయి. ప్రోగ్రామరు తన లూపు పైన డైరెక్టివ్ అనే ఒక ప్రాగ్మా వరుస చేరుస్తాడు. ఓపెన్‌ఎంపీ తెలియని కంపైలర్ ఆ వరుసను వదిలేసి లూపును మామూలుగా నడిపిస్తుంది. తెలిసిన కంపైలర్ లూపు చుట్లను థ్రెడ్లకు పంచుతుంది. 2008 నాటి 3.0 కూర్పుతో టాస్కులు, 2013 నాటి 4.0తో జీపీయూ వంటి పరికరాలకు పని పంపే టార్గెట్ డైరెక్టివ్‌లు వచ్చాయి. 2018లో 5.0, 2024లో 6.0 వెలువడ్డాయి. కూర్పు కూర్పుకూ పాత టెస్టులు కొన్ని మారాయి, కొత్తవి చాలా చేరాయి.

జీసీసీ కంపైలర్‌లో ఈ పని గాంప్ అనే పేరుతో మొదలై, 2007లో విడుదలైన 4.2 కూర్పుతో వాడుకరులకు చేరింది. ఎల్‌ఎల్‌వీఎం కుటుంబానికి చెందిన క్లాంగ్ 2015 నాటి 3.7 కూర్పులో ఓపెన్‌ఎంపీ 3.1ని పూర్తిగా అందించింది. దాని రన్‌టైమ్ లైబ్రరీ ఇంటెల్ ఇచ్చింది. అన్ని సదుపాయాలకూ ఇలాంటి రాత దక్కలేదు. ఎంఐటీలో పుట్టిన సిల్క్‌కు ఇంటెల్ చేసిన విస్తరణ సిల్క్ ప్లస్ జీసీసీలోకి 4.9 కూర్పుతో వచ్చింది. చూసుకునేవాళ్లు లేక 2018 నాటి 8వ కూర్పులో తొలగిపోయింది. దాని టెస్టులన్నీ దాంతో పాటే చెరిగిపోయాయి.

ఒక టెస్టు లోపల

జీసీసీ పని తీరు చూస్తే టెస్టుల తీరు అర్థమవుతుంది. సమాంతర లూపు కనిపించగానే కంపైలర్ ఆ లూపు శరీరాన్ని కోసి విడి ఫంక్షన్‌గా తయారు చేస్తుంది. మెయిన్ ఫంక్షన్‌లోని లూపైతే కొత్త ఫంక్షన్‌కు మెయిన్ పేరుకే ఓఎంపీ ఎఫ్‌ఎన్ సున్నా అనే తోక తగిలిస్తుంది. లూపు ఉన్న చోట, లిబ్‌గాంప్ అనే రన్‌టైమ్ లైబ్రరీని పిలిచే వరుస మిగులుతుంది. థ్రెడ్లను లేపి ఆ కొత్త ఫంక్షన్‌ను వాటి చేతికిచ్చేది ఆ లైబ్రరీయే. ఏ వేరియబుల్ అందరిదీ, ఏది ఎవరికి వారిదీ అన్న లెక్క ఈ కోత సమయంలోనే తేలాలి. బగ్గుల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

అందుకే టెస్టులు రెండు చోట్ల ఉంటాయి. కంపైల్ మాత్రమే చేసి చూసేవి కంపైలర్ టెస్టుల డైరెక్టరీలో గాంప్ అనే పేరు కింద ఉంటాయి. కంపైల్ చేసి, నడిపి, ఫలితం చూసేవి లిబ్‌గాంప్ సొంత డైరెక్టరీలో ఉంటాయి. రెండింటినీ నడిపేది డెజాగ్ను అనే పాత పనిముట్టు. టెస్టు ఫైలులోని కామెంట్ల లోపల దానికి ఆదేశాలుంటాయి: ఇది కంపైల్ మాత్రమే చెయ్యాలి, ఈ వరుస మీద ఫలానా ఎర్రర్ రావాలి, ఈ దశ తర్వాత కంపైలర్ రాసిపెట్టే మధ్యమ కోడ్ డంపులో ఫలానా పిలుపు ఇన్నిసార్లు కనబడాలి, ఇలా. నడిచాక ప్రతి తనిఖీకీ ఒక ఫలితం వస్తుంది. పాస్, ఫెయిల్ సరే. ఫెయిలవుతుందని ముందే తెలిసినవి ఎక్స్‌ఫెయిల్. ఫెయిలవుతుందనుకున్నది పాసైతే ఎక్స్‌పాస్. అది కూడా విచారించాల్సిన ఫలితమే. ఆ యంత్రం మీద కుదరనివి అన్‌సపోర్టెడ్. ఎల్‌ఎల్‌వీఎంలో ఇదే పనిని లిట్, ఫైల్‌చెక్ అనే పనిముట్లు చేస్తాయి.

ఫెయిలయ్యే తీరులు

డంపు చూసే టెస్టులు ఊరికే ఫెయిలవుతుంటాయి. ఎవరో ఆప్టిమైజేషన్‌లో చిన్న మార్పు చేస్తారు; ఒక తాత్కాలిక వేరియబుల్ పేరు మారుతుంది; పుట్టిన కోడ్ సరైనదే అయినా టెస్టు వెతికే అక్షరాల వరుస దొరకదు. హెచ్చరిక వాక్యంలో ఒక మాట మారినా అంతే. వీటికి టెస్టునే దిద్దుతారు. క్లాంగ్‌లోనైతే ఆశించిన వరుసలను తిరిగి రాసిపెట్టే స్క్రిప్టే ఉంది. ఆ స్క్రిప్టును కళ్లు మూసుకుని నడపడం మాత్రం ప్రమాదం: నిజమైన తప్పు కూడా ఆశించిన ఫలితంగా నమోదైపోతుంది, ఆ తర్వాత టెస్టు ఆ తప్పుకే కాపలా కాస్తుంది.

కంపైలరే మధ్యలో చేతులెత్తేసి ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ ఇచ్చే సందర్భాలు దీనికంటే సులువు. అక్కడ తప్పు కంపైలర్‌దేననడంలో అనుమానం ఉండదు; చోటు కూడా తెలిసిపోతుంది.

నడిచే టెస్టులు ఫెయిలైతేనే అసలు కష్టం. యంత్రంలో కోర్లు తక్కువుండి థ్రెడ్లు ఎక్కువైతే టెస్టు సమయం మించిపోయి ఫెయిల్‌గా నమోదవుతుంది. థ్రెడ్ల స్టాకు చాలకపోతే కూలిపోతుంది. ఇన్ని థ్రెడ్లు వస్తాయని టెస్టు ధీమాగా అనుకుని, అడిగిన దానికన్నా తక్కువ రావడం ప్రమాణం ప్రకారం చెల్లుతుందని మరచిపోతే, అది టెస్టు రాసినవారి పొరపాటు.

కూడిక లెక్క

రిడక్షన్ టెస్టును దగ్గరగా చూడాలి. రిడక్షన్ అంటే థ్రెడ్లు ఎవరి మొత్తం వాళ్లు వేసుకుని చివరకు అన్నీ కలపడం. ఒక శ్రేణిలో 10¹⁶, 1, −10¹⁶ అనే మూడు సంఖ్యలున్నాయనుకుందాం. డబుల్ రకం సంఖ్యకు 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది. 2⁵³, అంటే 9,007,199,254,740,992 దాటాక పక్కపక్క పూర్ణాంకాలను అది విడిగా చూపలేదు. వరుసగా కూడితే 10¹⁶కి 1 చేరి మళ్లీ 10¹⁶గానే మిగులుతుంది. అందులోంచి 10¹⁶ తీసేస్తే 0. పెద్ద సంఖ్యలు రెండూ ముందు కలిసి, 1 తర్వాత చేరితే జవాబు 1. ఏ థ్రెడ్ వాటా ముందు కలుస్తుందన్నది ప్రమాణం కట్టడి చెయ్యదు కాబట్టి రెండు జవాబులూ చెల్లుతాయి. మామూలు కూడికతో సరిసమానంగా రావాలని అడిగే టెస్టు నాలుగు కోర్ల యంత్రం మీద పాసై అరవై నాలుగు కోర్ల యంత్రం మీద ఫెయిలవుతుంది. కంపైలర్ జోలికి వెళ్లకూడదు. ఏ క్రమంలో కూడినా తేడా రాని పూర్ణాంకాలను ఎంచుకోవాలి, లేదా ఇంత తేడా వరకు ఒప్పుకుంటామని టెస్టులో రాయాలి.

దీనికి తోబుట్టువు లాంటిది క్రిటికల్ టెస్టు. 1 నుంచి 1000 వరకు సంఖ్యలను థ్రెడ్లు పంచుకుని ఒకే మొత్తానికి కలుపుతాయి. కలిపే వరుసకు క్రిటికల్ కాపలా ఉంటుంది. జవాబు 5,00,500 రావాలి. కాపలా లేకపోతే, ఒకే పద్దు పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకే నిల్వను చూసుకుని ఎవరి జమ వాళ్లు కలిపి రాసినట్టు ఒకరి జమ మాయమవుతుంది. దీన్నే డేటా రేస్ అంటారు. ఇప్పుడు కంపైలర్‌లో బగ్గుండి ఆ కాపలా కోడ్ పుట్టకుండా పోయిందనుకుందాం. టెస్టు పట్టుకుంటుందా? థ్రెడ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా అదృష్టవశాత్తూ నడిస్తే 5,00,500 వచ్చేస్తుంది. ఒకే కోరున్న యంత్రం మీద దాదాపు ఎప్పుడూ వచ్చేస్తుంది.

ఈ సమస్యకు గట్టి జవాబు జర్మనీలోని స్టుట్‌గార్ట్ సూపర్‌కంప్యూటర్ కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ మథియాస్ ముల్లర్, పావెల్ నేచెవ్ 2003లో ఓపెన్‌ఎంపీ ధ్రువీకరణ టెస్టులను రూపొందించారు. ప్రతి టెస్టుకూ ఒక ఎదురు టెస్టు రాశారు: అదే ప్రోగ్రాము, పరీక్షించే డైరెక్టివ్ మాత్రం తీసేసి ఉంటుంది. అసలు టెస్టు పాసవ్వాలి, ఎదురు టెస్టు ఫెయిలవ్వాలి. ఎదురు టెస్టు కూడా పాసవుతుంటే అసలు టెస్టు పాసవడానికి విలువ లేదు. దీన్ని లెక్కగా కూడా చెప్పారు. ఎదురు టెస్టు నడిపినప్పుడల్లా సగం సార్లు ఫెయిలవుతోందంటే, డైరెక్టివ్ పని చెయ్యకపోయినా పదిసార్లూ కేవలం అదృష్టంతో పాసయ్యే అవకాశం 1024లో 1. పదింట ఒకసారే ఫెయిలవుతుంటే అదే పది నడకల్లో ఆ అవకాశం సుమారు 35 శాతం. సుమారు అర శాతానికి దించాలంటే యాభైసార్లు నడపాలి. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో బార్బరా చాప్‌మన్ బృందం ఈ టెస్టులను పెంచుకుంటూ వచ్చి 2012 నాటికి ఓపెన్‌ఎంపీ 3.1 వరకు తెచ్చింది. ఈ రంగంలో ఇంత నిజాయితీ గల పద్ధతి మరొకటి కనబడదు. పాసైన టెస్టును కూడా నిలదీసే ఆలోచన ఇది. విచారకరమేమిటంటే రోజువారీ కంపైలర్ టెస్టుల్లో ఎదురు టెస్టులు రాసే అలవాటు పెద్దగా నాటుకోలేదు.

జీపీయూ టెస్టుల దగ్గర ఇదే ప్రమాదం వేరే వేషంలో వస్తుంది. టార్గెట్ డైరెక్టివ్ ఉన్న ప్రోగ్రాముకు జీపీయూ దొరకకపోతే మామూలు ప్రాసెసర్ మీదే నడవవచ్చని ప్రమాణం ఒప్పుకుంటుంది. కాబట్టి జీపీయూ కోడ్ అసలు పుట్టకపోయినా టెస్టు చక్కగా పాసవుతుంది. ఇప్పుడు నడుస్తున్నది హోస్ట్ మీదా కాదా అని ప్రోగ్రామే అడిగి తెలుసుకునే ఫంక్షన్ ఉంది. టార్గెట్ ఆఫ్‌లోడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను మాండేటరీ అని పెడితే పరికరం దొరకనప్పుడు ప్రోగ్రాము ఆగిపోతుంది, ఇది 5.0లో వచ్చింది.

ప్రమాణమే మారినప్పుడు

తప్పు కంపైలర్‌దీ కాక, టెస్టుదీ కాక పోయే సందర్భానికి జీసీసీ 9 మంచి సాక్ష్యం. ఓపెన్‌ఎంపీలో డిఫాల్ట్ నన్ అని రాస్తే, లూపులో వాడే ప్రతి వేరియబుల్ ఉమ్మడిదో సొంతమో ప్రోగ్రామరే చెప్పాలి. కాన్‌స్ట్ వేరియబుళ్లు వాటంతటవే ఉమ్మడివని 3.1 వరకు నియమం ఉండేది. కాబట్టి వాటిని జాబితాలో రాయనక్కర్లేదు. 2013 నాటి 4.0 ఆ నియమాన్ని ఎత్తేసింది. జీసీసీ పాత తీరునే కొనసాగించి, 2019లో విడుదలైన 9వ కూర్పులో కొత్త నియమానికి మారింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేకుండా కంపైలైన ప్రోగ్రాములు ఒక్కసారిగా ఎర్రర్ ఇచ్చాయి. ఉమ్మడి జాబితాలో చేరిస్తే కొత్త జీసీసీ ఒప్పుకుంటుంది, పాతది తిరగబడుతుంది. రెండింటికీ సరిపడే దారి, ఆ వేరియబుల్‌ను ఫస్ట్‌ప్రైవేట్ అని రాయడం. ఈ సలహాను జీసీసీ తన పోర్టింగ్ మార్గదర్శిలోనే ఇచ్చింది.

ఇలాంటి చోట టెస్టును మార్చడం తప్పు దాచడం కాదు. ఎర్రర్ రాకూడదని చెప్పిన టెస్టు ఇప్పుడు ఎర్రర్ రావాలని చెప్పాలి. అయితే ఆ మార్పు వెనుక ప్రమాణంలోని ఏ కూర్పు, ఏ నియమం ఉన్నాయో మార్పు వివరణలో రాసి తీరాలి. అది లేకపోతే, అయిదేళ్ల తర్వాత చూసేవారికి అది టెస్టును నోరు మూయించినట్టే కనబడుతుంది.

దిద్దే క్రమం

పని తెలిసినవాళ్లు ముందుగా ఫెయిలైన టెస్టును ఒంటరిగా, పలుమార్లు, వేర్వేరు థ్రెడ్ల సంఖ్యలతో నడుపుతారు. ఒక థ్రెడ్‌తో కూడా ఫెయిలైతే గొడవ అనువాదంలో ఉంది. ఎక్కువ థ్రెడ్లతోనే ఫెయిలైతే రేస్ మీద అనుమానం. నిన్నటి దాకా పాసైన టెస్టు అయితే గిట్ బైసెక్ట్‌తో కారణమైన మార్పును వెతుకుతారు. ప్రతి అడుగులో సగం తెగిపోతుంది కాబట్టి వెయ్యి మార్పుల్లో దోషిని పట్టడానికి పది అడుగులు చాలు. కానీ అప్పుడప్పుడే ఫెయిలయ్యే టెస్టుతో బైసెక్ట్ దారి తప్పుతుంది. ప్రతి అడుగులోనూ టెస్టును తగినన్నిసార్లు నడిపే స్క్రిప్టు రాసుకోవాలి. పైన చెప్పిన సంభావ్యత లెక్క ఇక్కడా అక్కరకొస్తుంది. పెద్ద ప్రోగ్రాములో బయటపడ్డ బగ్గును సీ రెడ్యూస్ వంటి పనిముట్టుతో పది పదిహేను వరుసలకు కుదిస్తారు. ఆ చిన్న ప్రోగ్రామే, బగ్గు నమోదు సంఖ్యను పేరులో పెట్టుకుని, దిద్దుబాటుతో పాటు కొత్త టెస్టుగా చేరుతుంది.

రేస్ పట్టడానికి థ్రెడ్ శానిటైజర్ ఉంది. లైబ్రరీ లోపలి తాళాల సంగతి దానికి తెలియకపోతే లేని రేస్‌లను కూడా చూపిస్తుంది. ఓపెన్‌ఎంపీ రన్‌టైమ్ చెప్పే సంగతులను దానికి అందించి ఈ లోపాన్ని తగ్గించే ఆర్చర్ అనే పనిముట్టు ఉంది.

యాంగోన్, హస్కీ

విడి టెస్టుల మీద ఇంత భారం ఎందుకు పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం అని పిలుచుకునే మయన్మార్ నగరం యాంగోన్‌కు కంపైలర్ల చరిత్రతో ఒక గట్టి బంధం ఉంది. నగరంలోని విశ్వవిద్యాలయాల కంప్యూటర్ కేంద్రం 1971లో ఐక్యరాజ్య సమితి సాయంతో మొదలైంది. అక్కడికి వచ్చిన తొలి యంత్రం బ్రిటిష్ తయారీ ఐసీఎల్ 1902ఎస్. ఆ కేంద్రాన్ని నిలబెట్టడానికి 1972, 1979 మధ్య పలుమార్లు వచ్చి పనిచేసినవాడు అమెరికన్ శాస్త్రవేత్త హ్యారీ హస్కీ. అంతకు ముందు 1963–64లో కాన్పూర్ ఐఐటీ కంప్యూటర్ కేంద్రానికీ ఆయన సాయపడ్డాడు. ఎనియాక్ మీద పనిచేసి, బ్రిటన్‌లో అలన్ ట్యూరింగ్‌తో కలిసి ఏస్ యంత్రం మీద పనిచేసి, బెండిక్స్ జీ-15 రూపొందించిన మనిషి. బర్క్‌లీలో 1963లో నిక్లాస్ విర్త్ డాక్టరేటు పూర్తి చేసింది హస్కీ దగ్గరే. పాస్కల్ భాష ఆ తర్వాత విర్త్ చేతిలో పుట్టింది.

హస్కీ ఆలోచనతో శాన్ డియేగో నౌకాదళ ప్రయోగశాలలో తయారైన నెలియాక్, తనను తానే కంపైల్ చేసుకోగలిగిన తొలి కంపైలర్లలో ఒకటి. కంపైలర్‌కు తన సొంత కోడే పెద్ద పరీక్ష అన్న పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. జీసీసీని మూడు దశల్లో కడతారు: యంత్రంలో ఉన్న కంపైలర్‌తో మొదటిది, దాంతో రెండోది, రెండోదానితో మూడోది. చివరి రెండూ అచ్చంగా ఒకటిగా ఉండాలి. ఎన్నో బగ్గులు ఈ గడప దగ్గరే దొరికిపోతాయి. కానీ జీసీసీ తన లోపలి పనికి ఓపెన్‌ఎంపీ వాడదు. కాబట్టి తనను తాను ఎన్నిసార్లు కట్టుకున్నా సమాంతర కోడ్‌లోని తప్పు ఒక్కటీ బయటపడదు. నెలియాక్ కాలం నుంచి వచ్చిన ఆ గొప్ప పరీక్ష ఇక్కడ చెల్లనందువల్లే విడి టెస్టుల మీద ఇంత భారం పడింది.

యాంగోన్‌లో కంప్యూటర్ విద్యకు 1988లో విడిగా ఒక సంస్థ ఏర్పడి, 1998లో కంప్యూటర్ అధ్యయనాల విశ్వవిద్యాలయమైంది. ఇవాళ అక్కడి విద్యార్థి చేతిలోని మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా అనేక కోర్లుంటాయి. జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం సోర్సు, వాటి టెస్టులతో సహా, ఎవరైనా దించుకోవచ్చు. లిబ్‌గాంప్ టెస్టులను మాత్రమే విడిగా నడపవచ్చు కాబట్టి కరెంటు, ఇంటర్నెట్ నిలకడ లేని చోట కూడా ఈ పని ముక్కలుగా సాగుతుంది. వేరే రకం ప్రాసెసర్ల మీద నడిపి చూడాలంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఉచితంగా యంత్రాలిచ్చే జీసీసీ కంపైల్ ఫార్మ్ ఉంది.

హైదరాబాదు వైపు

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో రామకృష్ణ ఉపద్రష్ట, సౌరభ్ జోషి, వారి విద్యార్థులు కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సంజయ్ రాజోపాధ్యేతో కలిసి రేస్ పట్టే లవ్ అనే పనిముట్టును తయారు చేసి 2020లో వివరాలు ప్రకటించారు. ఇది ప్రోగ్రామును నడపకుండానే, కంపైల్ సమయంలోనే ఓపెన్‌ఎంపీ లూపుల్లో రేస్ ఉందో లేదో చెబుతుంది. లూపు చుట్లను గణిత రూపంలోకి మార్చి, రెండు చుట్లు ఒకే మెమరీ గడిని తాకే అవకాశం ఉందేమో చూస్తుంది. ఎల్‌ఎల్‌వీఎం మధ్యమ రూపం మీద పనిచేస్తుంది కాబట్టి సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్ట్రాన్ మూడింటికీ చెల్లుతుంది. నడిపి చూసే పనిముట్లు ఆ నడకలో జరిగిన రేస్‌నే పట్టగలవు. ఇది కొన్ని లూపుల విషయంలో రేస్ లేదని కూడా తేల్చి చెప్పగలదు. టెస్టు ఫైళ్లలోని లూపులు చిన్నవి, లెక్కకు లొంగేవి. కొత్త టెస్టును చేర్చే ముందు ఇలాంటి పనిముట్టుతో ఒకసారి చూస్తే, టెస్టులోనే దాగిన రేస్ తర్వాత కంపైలర్ మీద నిందగా మారకుండా ఆగుతుంది. ఈ పనిముట్లకూ పరీక్ష కావాలి. దాని కోసం అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 2017లో డేటారేస్‌బెంచ్ అనే చిన్న ప్రోగ్రాముల కూర్పును విడుదల చేసింది. అందులో రేస్ ఉన్నవీ లేనివీ ముందే గుర్తు పెట్టి ఉంటాయి; లవ్‌ను దాని మీదే తూచి చూశారు.